ఏడు చేపల కథని ఏటికొప్పాక లేత్ ఎక్కించాం: ఒక బొమ్మల సెట్ పూర్తి కేస్ స్టడీ

పిల్లల లైబ్రరీ నడిపే ఒక చిన్న గ్రూప్ బొమ్మలు డిజైన్ చేసే మమ్మల్ని అడిగింది ఇదీ. కథలు చెప్పే గంటలో పిల్లల చేతికి ఇవ్వడానికి ఒక తెలుగు కథ చెక్క బొమ్మలుగా కావాలి, వయసు 3 నుంచి 6, ప్లాస్టిక్ వద్దు, నోట్లో పెట్టుకున్నా కంగారు పడక్కర్లేని రంగులు ఉండాలి, రేటు మాత్రం మామూలు ఇళ్ళలో వాళ్ళు కూడా కొనుక్కునేట్టు ఉండాలి. కథ ఏదో వాళ్ళు చెప్పలేదు, ఎక్కడ చేయించాలో కూడా చెప్పలేదు, ఆ రెండూ మాకే వదిలేశారు.

కథ తేల్చడానికి పెద్దగా టైం పట్టలేదు. అనగనగా ఒక రాజు, ఆ రాజుకి ఏడుగురు కొడుకులు, ఏడుగురూ వేటకెళ్ళి ఏడు చేపలు తెచ్చారు, ఎండబెడితే ఒక చేప ఎండలేదు. చేపా చేపా ఎందుకు ఎండలేదు అంటే గడ్డిమోపు అడ్డమొచ్చింది, గడ్డిమోపూ ఎందుకు అడ్డమొచ్చావ్ అంటే ఆవు మెయ్యలేదు, ఆవేమో కాపరి మేపలేదంది, కాపరేమో అవ్వ బువ్వ పెట్టలేదన్నాడు, అవ్వేమో పాపాయి ఏడ్చిందంది, పాపాయేమో చీమ కుట్టిందంది, చీమనడిగితే నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అంది. తెలుగువాళ్ళ ఇళ్ళలో దీన్ని పుస్తకం చూసి నేర్చుకున్నవాళ్ళు దాదాపు ఉండరు, అమ్మమ్మో నాయనమ్మో అన్నం తినిపిస్తూ చెప్పిందే. పైగా ఈ కథలో ప్రతి పాత్ర చేసే పని ఒక్కటే, నింద పక్కవాడి మీదకి తోసెయ్యడం. బొమ్మలకి ఇంతకంటే బాగా కుదిరే కథ మాకు కనపడలేదు, ఎందుకంటే ఒక బొమ్మని చేతిలోకి తీసుకుంటే దాని తర్వాత ఏ బొమ్మ తియ్యాలో కథే చెప్పేస్తుంది.

ఇక్కడే ఒక మాట అనుకున్నాం, ప్రాజెక్ట్ మొత్తం దాని మీదే నడిచింది. కథని బొమ్మ మీద పెయింట్ చెయ్యకూడదు, బొమ్మతో పిల్లలు చేసే పనిలోనే కథ ఉండాలి. మార్కెట్‌లో కథల బొమ్మలు అని అమ్మేవాటిలో చాలావరకు ఒకటే రకం పెగ్ బొమ్మ (గుండ్రటి తల, కింద నిలువు కర్ర ఒళ్ళు), దాని మీద మొహం, బట్టలు గీసేసి ఉంటాయి. అవి షెల్ఫ్‌లో పెట్టుకుని చూడటానికి బావుంటాయి, రెండు రోజులు ఆడాక పిల్లలకి వాటితో చెయ్యడానికి ఏమీ మిగలదు.

ఎక్కడ చేయించాలి

ముందు కొండపల్లి ఆలోచించాం. తెల్ల పొణికి కర్ర, ఉలితో చెక్కడం, చింతగింజల పొడితో చేసే మక్కుతో భాగాలు అతికించడం, సున్నం పూత, దాని మీద రంగులు. ఆవు, కాపరి, అవ్వ ఇలాంటి బొమ్మలకి కొండపల్లి వాళ్ళని మించినవాళ్ళు లేరు, తాడిచెట్టెక్కే గీత కార్మికుడి బొమ్మ చూసినవాళ్ళెవరికైనా ఈ విషయం తెలుసు. కానీ అవి కొలువులో పెట్టి చూసుకునే బొమ్మలు. పొణికి చాలా తేలిక, మెత్తన, మూడేళ్ళ పిల్లాడు నేలకేసి నాలుగుసార్లు కొడితే చెవులు, కొమ్ములు ఊడొస్తాయి, పైన పెయింట్ కూడా నోట్లో పెట్టుకోవడానికి చేసింది కాదు. నిర్మల్ బొమ్మలకీ దాదాపు ఇదే సమస్య.

అందుకే ఏటికొప్పాక. వైజాగ్ నుంచి హైవే మీద అడ్డరోడ్డు దాకా వచ్చి లోపలికి తిరిగితే వరాహ నది ఒడ్డున ఉంటుంది ఊరు, ఒకప్పుడు విశాఖ జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. ఇక్కడ వాడేది అంకుడు కర్ర. తెల్లగా, సన్నటి పోగుతో, మెత్తగా ఉంటుంది కానీ పొణికిలా పొడిపొడి అవ్వదు, లేత్ (కర్రని గిర్రున తిప్పే మిషన్) మీద ఉలి పెడితే రిబ్బన్లలా పొట్టు లేస్తుంది. కర్ణాటకలో చెన్నపట్న బొమ్మలకి వాడేదీ ఇదే చెట్టు. పైన వేసేది పెయింట్ కాదు, లక్క (లక్క పురుగుల నుంచి వచ్చే గట్టి జిగురు). 2017లో జీఐ ట్యాగ్ (ఫలానా ఊరి సరుకు అని ఇచ్చే గుర్తింపు) వచ్చింది. సహజ రంగుల మీద దశాబ్దాలుగా పనిచేసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు, 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో ఏపీ శకటం ఏటికొప్పాక బొమ్మలదే. ఇవన్నీ బానే ఉన్నాయి కానీ దీని వల్ల పెరిగిన డిమాండ్‌లో ఎక్కువ భాగం షోకేస్ ఐటమ్స్‌కి, గిఫ్ట్ బాక్సులకి, కుంకుమ భరిణెలకి. అసలు ఈ ఊరి పేరు మన అమ్మమ్మల నోట్లో నానింది లక్కపిడతల వల్ల, అంటే ఆడుకునే వస్తువుల వల్లే. బుల్లి రోలు, తిరగలి, కడవ, చెంబు, పొయ్యి. మేం తిరిగి ఆ లైన్‌లోకే వెళ్తున్నాం అనుకున్నాం.

ఒక కుటుంబం నడిపే వర్క్‌షాప్‌తో మాట్లాడుకున్నాం. పెద్దాయన్ని నేను బాబాయ్ అనే పిలుస్తాను, ఆయన నన్ను అమ్మా అంటాడు, కోపమొస్తే మేడం అంటాడు. మొదటి డ్రాయింగులు చూపించగానే అన్న మాట: "ఏటమ్మా ఇది, లేత్ గుండ్రంగా ఉన్నదే ఇస్తాది, నాలుగు కాళ్ళు ఇవ్వదు." ఈ ఒక్క వాక్యం మా డ్రాయింగుల్లో సగాన్ని పక్కన పెట్టించింది, అది మంచిదే అయింది.

లేత్ ఏం ఇస్తుంది, ఏం ఇవ్వదు

తెలియని వాళ్ళ కోసం. కర్ర ముక్క మోటర్ మీద గిర్రున తిరుగుతుంటుంది, మనిషి ఉలి పట్టుకుని దాన్ని లోపలికీ బయటికీ కదుపుతాడు, కాబట్టి వచ్చే ఆకారం ఏదైనా చుట్టూ ఒకేలా ఉంటుంది. పూస, గిన్నె, కడవ, బొంగరం, చక్రం. ముందూ వెనకా తేడా ఉండదు, కుడీ ఎడమా ఉండదు. మోటర్లు రాకముందు ఒకళ్ళు తాడు లాగుతుంటే ఇంకొకళ్ళు ఉలి పట్టేవాళ్ళు. ఆకారం వచ్చాక దాన్ని తీయకుండా అలాగే తిప్పుతూ రంగు లక్క బిళ్ళని దానికి ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది, తర్వాత ఎండిన మొగలి ఆకుతో ఒత్తి పట్టుకుంటే ఆ లక్క సమంగా పరుచుకుని మెరుపొస్తుంది. బ్రష్ లేదు, ఆరబెట్టడం లేదు, వాసన లేదు.

లక్క తయారీ చూడాల్సిందే. బొగ్గుల మీద వేడి చేసి, రంగు పొడి కలిపి, రెండు కర్రలతో జీళ్ళపాకం లాగినట్టు లాగి మడిచి లాగి మడిచి, రంగు అంతటా ఒకేలా పట్టేదాకా చేస్తారు. పసుపు నుంచి పసుపు, జాఫ్రా గింజల నుంచి నారింజ, నీలిమందు నుంచి నీలం, ఆ నీలానికి పసుపు కలిపితే ఆకుపచ్చ, లక్క పురుగు నుంచే వచ్చే ఎరుపు. ఏ రెండు లాట్లూ సరిగ్గా ఒకే షేడ్‌లో రావు, ఫోటో చూసి ఆర్డరిచ్చే కస్టమర్‌కి ఇది ముందే చెప్పెయ్యాలి.

సెట్‌లో మొత్తం 22 ముక్కలు. రాజు ఒకడు, కొడుకులు ఏడుగురు, చేపలు ఏడు, గడ్డిమోపు, ఆవు, కాపరి, అవ్వ, పాపాయి, చీమ, పుట్ట. రాజుకి కొత్త డిజైన్ ఏమీ చెయ్యలేదు, ఊళ్ళో ఎప్పటినుంచో చేసే రాజా రాణీ బొమ్మల్లో రాజునే తీసుకున్నాం, కిరీటం మాత్రం కొంచెం మొద్దు చేసాం. కాపరికి తలపాగా అంటే మెడ పైన ఒక లావుపాటి రింగు, అంతే, చేతికర్ర ఇవ్వలేదు, విరిగితే సూదిగా అవుతుంది.

కొడుకుల దగ్గర మొదట రంగులతో తేడా చూపిద్దాం అనుకున్నాం, ఏడుగురికి ఏడు రంగులు. సహజ రంగుల్లో ఏడు విడివిడిగా కనపడేవి తేవడం కష్టం, ట్యూబ్‌లైట్ కింద నారింజకీ లేత ఎరుపుకీ తేడా తెలీదు. లేత్‌కి చాలా తేలికైన పని ఒకటుంది, తిరిగే ముక్క మీద ఉలి మొన ఆనిస్తే గీత పడుతుంది. కాబట్టి పెద్దకొడుక్కి ఒక గీత, రెండోవాడికి రెండు, అలా చివరివాడికి ఏడు. చేపల మీద కూడా అవే గీతలు. ఎవరి చేప ఏదో వేలితో తడిమి చెప్పొచ్చు, కళ్ళు సరిగా కనపడని పిల్లలకీ పనికొస్తుంది, లెక్కలూ వస్తాయి (ఇది మేం ముందే ప్లాన్ చేశాం అని లైబ్రరీ వాళ్ళు అనుకున్నారు, మేం కాదనలేదు).

చేప దగ్గర చాలాసేపు ఆగాం. కండెలా తిప్పి చివర తోక వెడల్పు చేస్తే చేపలా వస్తుంది కానీ దొర్లిపోతుంది, ఎండబెట్టిన చేప దొర్లకూడదు కదా. నిలువునా రెండుగా కోస్తే బల్లపరుపుగా పడుకుంటుంది, ఒక ముక్కకి రెండు చేపలు వస్తాయి. కానీ లక్క వేశాక రంపం పెడితే అంచు వెంబడి లక్క పెచ్చులు లేస్తోంది. బాబాయ్ వాళ్ళబ్బాయి చెప్పిన పద్ధతి వేరే. రెండు సగం ముక్కల్ని మధ్యలో పాత న్యూస్‌పేపర్ పెట్టి ఫెవికాల్‌తో అతికించి, ఆరాక ఒకే ముక్కలా లేత్ మీద తిప్పి, గీతలు పెట్టి, లక్క వేసి, మొగలి ఆకు పట్టి, అప్పుడు ఆ అతుకులో పల్చటి కత్తి పెట్టి ఒక్క దెబ్బ కొడితే కాగితం దగ్గర శుభ్రంగా విడిపోతుంది. మిగిలిన కాగితం గరుకు కాగితంతో రుద్దేస్తే చాలు. ఒక ముక్కలోంచి వచ్చే రెండు చేపలకీ గీతలు ఒకే లెక్క కాబట్టి, ఏడు ముక్కలు తిప్పితే రెండు సెట్లకి చేపలు వస్తాయి.

ఇలా వచ్చిన చేపకి ఒక వైపు లక్క మెరుపు, రెండో వైపు పచ్చి చెక్క. అప్పుడు తట్టింది, మెరిసే వైపు పైకి ఉంటే చేప ఇంకా పచ్చిగా ఉన్నట్టు, తిరగేస్తే ఎండినట్టు. పిల్లలు వరసగా ఆరు చేపల్ని తిరగేస్తారు, ఏడోది అలాగే ఉంచుతారు. ఏ చేప ఎండలేదో మేం డిసైడ్ చెయ్యలేదు, కాబట్టి ప్రతిసారీ ఒక్కో కొడుకు దొరికిపోతాడు. లైబ్రరీలో ఒక పాప రోజూ ఏడు గీతల చేపనే ఎండనిచ్చేది కాదు, వాళ్ళ తమ్ముడి మీద ఏదో కోపం అట.

గడ్డిమోపు ముందు ఆకుపచ్చ వేశాం. కిటికీ దగ్గర పెట్టిన శాంపిల్ కొన్ని వారాలకి నీలంగా మారింది, ఎందుకంటే పసుపు ఎండకి ఆగదు, నీలిమందు ఆగుతుంది, ఆకుపచ్చలోంచి పసుపు వెళ్ళిపోతే మిగిలేది నీలమే. నీలం గడ్డి ఎవరికి కావాలి. చివరికి రంగు కలపకుండా ఉత్త లక్కే వేశాం, తేనె రంగు వచ్చింది, ఎండుగడ్డికి అంతకంటే సరైన రంగు లేదు. నడుం దగ్గర సన్నగా తిప్పితే కట్టిన తాడు పడినట్టుంటుంది, నిలువు గీతలు మాత్రం లేత్ ఇవ్వదు, చిన్న ఆకురాయితో చేత్తో పెట్టాల్సిందే.

ఆవు. నాలుగు కాళ్ళు విడిగా తిప్పి, చీలలతో పీపా లాంటి ఒంటికి బిగించడం పాత పద్ధతి, ఊళ్ళో ఏనుగులు అలాగే చేస్తారు. షెల్ఫ్‌కి సరిపోతుంది. పిల్లలు ఆవు మీద చెయ్యి ఆనించి బరువేసి తోస్తారు, కాలు వదులైపోతుంది, ఊడిన కాలు నోట్లోకి వెళ్తుంది. కాళ్ళు ఎలా గట్టిగా బిగించాలా అని మేం తల బద్దలు కొట్టుకుంటుంటే బాబాయ్ వాళ్ళావిడ, లక్క బిళ్ళలు సర్దుతూ, "మెయ్యని ఆవుకి కాళ్ళెందుకు, పడుకోబెట్టండి" అంది. అంతే. పీపాని చేపలాగే నిలువునా చీలిస్తే పడుకుని నెమరేసే ఆవు వచ్చింది, కాళ్ళు లేవు, ఊడేదీ లేదు. కొమ్ముల కోసం ఒక రింగు తిప్పి దాన్ని సగానికి కోసి ఆ అర్ధచంద్రాన్ని తలలో గాడి చేసి దించాం, రెండు కొమ్ములూ ఒకే ముక్క కాబట్టి విడిగా ఊడే ఛాన్స్ లేదు. మొత్తం సెట్‌లో నాకు బాగా నచ్చిన ముక్క ఇదే, ఇందులో నా ఆలోచన ఏమీ లేదు.

అవ్వకి కొప్పు కావాలి. లేత్ మీద తల పైన చిన్న బుడిపె పెడితే అది నడినెత్తిన వస్తుంది, చూస్తే మునిలా ఉంది. తల విడిగా తిప్పి, మెడ కన్నం నిటారుగా కాకుండా కాస్త ఏటవాలుగా వేస్తే బుడిపె వెనక్కి పడింది, తల కొంచెం పైకెత్తింది, అంతే అవ్వ అయిపోయింది. కళ్ళు ముక్కు ఏమీ పెట్టలేదు.

పాపాయి ఏడవాలి. మొహం మీద కన్నీళ్ళు గీస్తే మా రూలే పోతుంది. ఏటికొప్పాకలో గిలక్కాయలు ఎలాగూ చేస్తారు కాబట్టి పాపాయే గిలక్కాయ అయితే ఊపినప్పుడు ఏడుస్తుంది అనుకున్నాం. లోపల గింజలు పోసి మూత అతికించే రకం వద్దనుకున్నాం, ఎప్పుడైనా మూత వస్తే లోపలివి నోట్లోకే. గింజలు అనగానే చాలామందికి గురివింద గింజలు గుర్తొస్తాయి, చూడ్డానికి ముద్దుగా ఉంటాయి కానీ విషం, పిల్లల వస్తువుల్లో వాటి జోలికే వెళ్ళకూడదు. దాని బదులు బాబాయ్ పాపాయి నడుం దగ్గర అదే కర్రలోంచి ఒక రింగుని విడదీశాడు. అంటే విడిగా చేసి తొడిగింది కాదు, తిరుగుతున్న ముక్కలోనే వంపు ఉలితో అటు నుంచీ ఇటు నుంచీ కింద తొలిస్తే రింగు తెగి వదులుగా తిరగడం మొదలెడుతుంది, తల పైనుంచీ రాదు, కింద నుంచీ రాదు. ఊపితే టకటకమంటుంది. చూసినవాళ్ళందరూ అది మొలతాడు అనుకున్నారు. ఈ పని ఊళ్ళో అందరికీ రాదు, చెయ్యి తిరిగినవాళ్ళే చేస్తారు, ఉలి కాస్త ఎక్కువ దిగితే ముక్క మొత్తం పోతుంది. రేటు కూడా దానికి తగ్గట్టే ఎక్కువ ఇస్తున్నాం.

చీమ మాత్రం లేత్ కోసమే పుట్టినట్టుంది. తల, నడుం, పొట్ట, మూడు పూసలు ఒకే ముక్కలో, డ్రాయింగ్ కూడా లేకుండా చెప్తుండగానే తిప్పేశాడు. కాళ్ళు లేవు. నల్ల లక్క వేస్తే పిల్లలు దాన్ని ఏదేదో అనుకున్నారు, ఎరుపు వేయగానే "అమ్మో ఎర్రచీమ" అన్నారు. కుట్టేది ఎర్రచీమే కదా. దానికి వేసిన ఎరుపు లక్క పురుగుదే.

పుట్ట అంటే బోర్లించిన గిన్నె ఆకారం, పసుపు లక్క, పైన కన్నం. ఆ కన్నంలో చీమ బిరడాలా కూర్చుంటుంది. చీమని తీసి వేలు పెట్టొచ్చు. కన్నం పిల్లల వేలు ఇరుక్కోనంత వెడల్పు, లోతు తక్కువ, అంచు బాగా గుండ్రం. కథ చెప్పేటప్పుడు పుట్ట దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఒకరు వేలు పెడతారు, పక్కవాడు చీమతో పొడుస్తాడు, నవ్వులు. ఇదంతా ఎవరూ చెప్పి చేయించింది కాదు.

సేఫ్టీ గురించి కొంచెం వివరంగా

బొమ్మలకి బీఐఎస్ (కేంద్ర ప్రభుత్వ నాణ్యతా ప్రమాణాల సంస్థ) మార్కు తప్పనిసరి చేస్తూ 2020లో వచ్చిన ఆర్డర్ 2021 జనవరి నుంచి అమల్లో ఉంది. హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర రిజిస్టర్ అయిన కళాకారులు చేసి అమ్మేవాటికీ, జీఐ వాడుకోవడానికి రిజిస్టర్ అయినవాళ్ళు చేసే జీఐ బొమ్మలకీ మినహాయింపు ఉంది. చాలామంది దీన్ని పట్టుకుని మనకేం అక్కర్లేదు అనేసుకుంటారు. మినహాయింపు కాగితానికి గానీ పిల్లాడి గొంతుకి కాదు. అందుకే బొమ్మల భద్రతకి ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 9873లో ఉన్న కొలతలనే మేం డిజైన్ కొలతలుగా తీసుకున్నాం.

ముఖ్యమైనది చిన్న భాగాల పరీక్ష. 31.7 మి.మీ. వ్యాసం ఉన్న ఒక గొట్టం, అడుగు ఏటవాలు, లోతు ఒక పక్క 25.4, ఇంకో పక్క 57.1. ఏ ముక్కైనా నొక్కకుండా ఏదో ఒక వైపు నుంచి ఆ గొట్టంలో పూర్తిగా మునిగితే అది 3 ఏళ్ళ లోపు పిల్లల చేతికి పనికిరాదు. మా సెట్ 3 ఏళ్ళు దాటినవాళ్ళకే, అయినా ఇంట్లో ఏడాదిన్నర తమ్ముడు ఉంటాడు, వాడు లేబుల్ చదవడు. అందుకని 22 ముక్కలకీ అదే కొలత పెట్టాం. ఇంకోటి, గుండ్రటి తల, సన్నటి మెడ ఉన్న చిన్న మనిషి బొమ్మలకి విడిగా ఒక పరీక్షే ఉంది, గొంతులో దిగి గాలి ఆడకుండా అడ్డుపడే ఆకారం సరిగ్గా అదే కాబట్టి. పెగ్ బొమ్మలన్నీ ఇదే ఆకారం, ఎంత అందంగా ఉన్నా. మా కొడుకులకి మెడ తీసేసి భుజాలు తల కంటే వెడల్పు చేశాం, ఎత్తూ పెంచాం.

దీని ఫలితం ఏంటంటే చీమ పొట్ట 40 మి.మీ. అయింది, పాపాయి కంటే కొంచెమే చిన్నది. పెద్దవాళ్ళు చూడగానే "చీమ ఇంత ఉందేంటి" అంటారు. పిల్లలు ఒక్కరు కూడా అడగలేదు.

సహజ రంగు కాబట్టి సేఫ్ అనే మాట కూడా నేను వాడను. రంగు పట్టడానికి ఏం కలిపారు, పొడి ఎక్కణ్ణుంచి వచ్చింది అన్నది ముఖ్యం, బజార్లో దొరికే పసుపులోనే కల్తీ ఉంటుంది. ప్రతి రంగు లక్కనీ సీసం లాంటి భార లోహాలు బయటికి వస్తాయేమో చూసే టెస్ట్‌కి పంపించాం. ల్యాబ్ ఖర్చు చిన్న వర్క్‌షాప్ ఒంటరిగా భరించేది కాదు, డిజైనర్లో కొనేవాళ్ళో పెట్టుకోవాల్సిన ఖర్చు అది. అమెరికాలో ఉన్న మనవాళ్ళు మనవలకి పంపమని అడుగుతుంటారు, సూట్‌కేస్‌లో ఒక సెట్ పట్టుకెళ్ళడం వేరు, అక్కడ అమ్మడం వేరు, అక్కడ అమ్మాలంటే వాళ్ళ రూల్స్ ప్రకారం విడిగా టెస్టులు, సర్టిఫికెట్ కావాలి, మేం దాని జోలికి ఇంకా వెళ్ళలేదు.

డబ్బుల లెక్క

సెట్ ధర రెండు వేలకి అటూ ఇటూ పెట్టాం, అందులో సగానికి దగ్గరగా వర్క్‌షాప్‌కి వెళ్తుంది. సెట్‌కింత అని కాకుండా ముక్కకింత అని మాట్లాడుకున్నాం, ఎందుకంటే సెట్ రేటు అంటే పాపాయి రింగు తీసే మనిషికీ రాజు బొమ్మ తిప్పే మనిషికీ ఒకే లెక్క అవుతుంది. సగం అడ్వాన్స్, సరుకు తీసుకున్న రోజే మిగతాది. ఒక ఆన్‌లైన్ సెల్లర్ వచ్చి అమ్ముడయ్యాకే డబ్బులు, రిటర్న్ అయితే మీదే అన్నాడు, వద్దనేశాం. కర్ర కొని ఎండబెట్టుకుని కూర్చున్నవాడికి అమ్ముడయ్యాక డబ్బులు అంటే అర్థం లేదు.

ఏడుగురు కొడుకుల్ని తీసేస్తే ధర బాగా తగ్గుతుంది, కథలో వాళ్ళకి చేపలు తేవడం తప్ప పనేం లేదు. లైబ్రరీ వాళ్ళు ఒప్పుకోలేదు. వాళ్ళన్నదే నిజం, పిల్లలు ఎక్కువసేపు ఆడేది చేపల్నీ కొడుకుల్నీ జత చేస్తూనే.

ఒక విషయంలో మాత్రం లైబ్రరీకీ మాకూ కాస్త గట్టిగానే నడిచింది. సెట్‌తో పాటు కథ పుస్తకం ఇవ్వాలని వాళ్ళు. వద్దని మేము. ఆడించి చూసినప్పుడు ఒక్కో ఇంట్లో ఒక్కో కథ బయటికొచ్చింది. ఒకరింట్లో అవ్వ కాదు, అమ్మ అన్నం పెట్టలేదు. ఇంకొకరింట్లో కాపరి కాదు పాలేరు, ఇంకొకరికి గడ్డిమోపు కాదు గడ్డివాము. కరీంనగర్ నుంచి వచ్చి వైజాగ్‌లో ఉంటున్న ఒకావిడ వాళ్ళత్త చెప్పే తీరులో చెప్తే పిల్లలు ఇంకో రకంగా నవ్వారు. మేం ఒకటి అచ్చేసి పెడితే అదే కరెక్ట్ అయిపోతుంది, నాయనమ్మది తప్పయిపోతుంది. చివరికి ముక్కల బొమ్మలు మాత్రమే ఉన్న ఒక కార్డు పెట్టాం, అక్షరాలు లేవు. కథ అస్సలు తెలియని అమ్మానాన్నలు ఇళ్ళకి ఫోన్ చేసి అడిగి తెలుసుకుంటున్నారు, అది మాకు బాగా నచ్చింది.

అమ్మాక వచ్చిన ఫిర్యాదులు

ఎక్కువ వచ్చింది ఒకటే: "మెరుపు పోయింది, మచ్చలు పడ్డాయి, చేతికి అంటుకుంటోంది." అడిగితే శానిటైజర్‌తో తుడిచారు. లక్క ఆల్కహాల్‌లో కరిగిపోతుంది, ఫర్నిచర్ పాలిష్ చేసేవాళ్ళు స్పిరిట్‌లో కలిపి వాడేది అదే లక్క. నీళ్ళలో నానబెట్టినా తెల్లటి పొర వస్తుంది. ఎండాకాలం కార్లో డాష్‌బోర్డు మీద వదిలేస్తే మెత్తబడి వేలిముద్రలు పడతాయి. పొడి గుడ్డ, లేదా బాగా పిండిన తడి గుడ్డతో తుడిచి వెంటనే పొడి గుడ్డ, అంతే. ఇప్పుడు పెట్టె మూత లోపలే పెద్ద అక్షరాలతో రాస్తున్నాం. మచ్చపడిన బొమ్మలు తిరిగి పంపితే బాబాయ్ వాళ్ళు లేత్ మీద ఎక్కించి మళ్ళీ లక్క పడతారు, కొత్తదానిలా వస్తుంది, ఇది పెయింట్ బొమ్మకి కుదరదు. రెండుగా విడదీసి చేసిన చేపలకి మాత్రం కష్టం, వాటిని మళ్ళీ కాగితంతో అతికించి తిప్పాలి, అందుకని చేపలైతే కొత్తవే పంపుతున్నాం.

పుట్టలు కొన్ని పగిలాయి. అంకుడు పెద్ద చెట్టేమీ కాదు, వచ్చే కర్రలో ఎక్కువ భాగం సన్నటి కొమ్మలే, పుట్టకి పట్టేంత లావు దుంగ తక్కువ దొరుకుతుంది, లావు దుంగ లోపలిదాకా ఎండడానికి నెలలు పడుతుంది. సరిగా ఎండని దుంగని తిప్పితే ఆ రోజు బానే ఉంటుంది, హైదరాబాద్‌లో ఏసీ గదికి వెళ్ళాక నిలువునా చీలుతుంది. ఊళ్ళో అందరూ ఎప్పటినుంచో చెప్తున్న మాటే ఇది, కర్ర కొరత. అంకుడు చెట్లు ప్రత్యేకంగా పెంచితే తప్ప ఈ పని ఎన్నాళ్ళు నడుస్తుందో అని. మా మట్టుకు మేం చేసింది రెండు. పుట్ట దుంగల్ని విడిగా కొని, మొదలూ చివరా లక్క పూసి నీడలో పెట్టిస్తున్నాం, చివర్లు త్వరగా ఎండితేనే కదా పగులు మొదలయ్యేది. రెండోది, ఒక లాట్‌లో ఎన్ని పుట్టలు వస్తాయో అన్నే సెట్లు. ఆర్డర్లు ఎక్కువున్నా సరే. సంక్రాంతి కొలువుల ముందు అడిగినవాళ్ళందరికీ ఇవ్వలేకపోతున్నాం, తొందరపడి పచ్చి దుంగ తిప్పమని మాత్రం అడగం.

విడి ముక్కలు కూడా అమ్ముతున్నాం. పోగొట్టుకున్నాం, ఇంకోటి పంపండి అని వచ్చే మెసేజ్‌ల్లో ఎక్కువ చీమ కోసమే, పిల్లలు జేబులో వేసుకుని స్కూలుకి తీసుకెళ్ళిపోతున్నారట. అది లేకపోతే పుట్ట ఖాళీ, కథ ఆగిపోతుంది. చీమకి సన్న కొమ్మ సరిపోతుంది, తిప్పడానికీ ఎక్కువసేపు పట్టదు, కాబట్టి ఇప్పుడు ప్రతి లాట్‌లో సెట్ల లెక్క కంటే ఇంకో సగం చీమలు అదనంగా తిప్పిస్తున్నాం.